చేప లేని చేప వేపుడు: పెరటాసి వంటింటిలో అరటికాయ, అలసంద

సెప్టెంబరు నెల సగం గడిచి పెరటాసి మాసం ప్రవేశించగానే ఉత్తర ఆర్కాటు పల్లెల్లోనూ, పట్టణాల్లోనూ చేపల అంగళ్ళ ముందు సందడి పలుచబడుతుంది. నెమిలి, అరక్కోణం, శోళింగర్ మొదలుకొని పడమట గుడియాత్తం వరకు ఉన్న తెలుగు కుటుంబాలలో అనేకులు ఈ నెల రోజులు మాంసం, చేప, గుడ్డు ముట్టరు. అటు చిత్తూరు జిల్లా తెలుగువారు 'తిరుమల శనివారాలు' అని పిలుచుకొనే వ్రతకాలము ఇదే. తిరుమల శ్రీవారి జన్మనక్షత్రమైన శ్రవణం ఈ మాసంలో విశేషమైనది. శనివారం నాడు పిండి దీపం వెలిగించి తళిగ వేసి గోవింద నామం చెప్పడం ఎల్లకు అటూ ఇటూ ఒకే తీరుగా సాగుతుంది.

వ్రతం పెద్దలు స్వచ్ఛందంగా పట్టేది. అదే ఇంటిలోని పిల్లలకు మాత్రం రెండవ వారం వచ్చేసరికి వేపుడు మీదికి మనసు పోతుంది. నెమిలి కొసస్తలై ఆరు ఒడ్డున ఉన్న ఊరు. (తెలుగువారికి ఆ పేరు వినగానే పక్షి గుర్తుకు రావడం సహజమే.) సమీపంలోని కావేరిపాక్కం చెరువు జిల్లాలోని పెద్ద చెరువులలో ఒకటి. అందువలన ఈ ప్రాంతపు వారి నాలుకకు అలవాటైనది సముద్రపు చేప కంటే కట్ల, రోహు, జిలేబి, కొరమీను వంటి మంచినీటి చేప. పెరటాసిలో దాని స్థానాన్ని భర్తీ చేయడానికి ఇక్కడి వంటిళ్ళు ఏనాడో మార్గం కనుగొన్నాయి. తమిళంలో దానిని 'శైవ మీన్' అంటారు. శైవం అంటే ఇక్కడ శాకాహారమనే అర్థం.

ఇటీవలి కాలంలో ఈ పాత వంటకానికి కొత్త అవసరం ఏర్పడింది. పాలు, పెరుగు, నెయ్యి, తేనెలతో సహా జంతువుల నుండి వచ్చే దేనినీ స్వీకరించని 'వీగన్' ఆహారాన్ని పాటించే యువతీయువకులు మన కుటుంబాలలోనూ కనబడుతున్నారు. 1944లో ఇంగ్లండులో డోనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు ఆ మాటను పుట్టించారు. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022లో వీగన్ ఆహార పదార్థాలకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. చేప పడక ఒళ్ళంతా దద్దుర్లు లేచేవారు, ఊపిరి ఆడని స్థితికి చేరేవారు మరొక వర్గం. వారికి ఇది వ్రతానికి సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించినది. ఈ ముగ్గురికీ పనికివచ్చే వేపుడు ఇంట్లో ఎట్లా చేయాలో, దానిలో ఏది చేపను పోలుతుందో, ఏది పోలదో తెలుసుకోవడం మంచిది.

పోలిక ఎక్కడ వస్తుంది?

చేప కండరానికి ఒక ప్రత్యేక నిర్మాణం ఉన్నది. అది పలుచని పొరలు పేర్చినట్లుంటుంది. ఆ పొరలను కలిపి ఉంచే కణజాలం కోడి, మేక మాంసంలో ఉన్నంత గట్టిది కాదు. కొద్దిపాటి వేడికే కరిగిపోతుంది. అందుకే ఉడికిన చేప వేలితో నొక్కగానే రేకులు రేకులుగా విడిపోతుంది. మొక్కలలో ఇటువంటి అమరిక లేదు. కాబట్టి ఏ కాయ గాని, ఏ గింజ గాని చేపను పూర్తిగా అనుకరించజాలదు. ఒక్కొక్కటి చేపలోని ఒక్కొక్క గుణాన్ని మాత్రమే తెచ్చి ఇవ్వగలదు. అరటికాయ ముక్క ఆకారాన్ని, మెత్తదనాన్ని ఇస్తుంది. అలసంద మాంసకృత్తులను ఇస్తుంది. అరటిపువ్వు పొరలను ఇస్తుంది.

ఇక రుచి సంగతి. చేప వేపుడు అనగానే మనకు జ్ఞాపకం వచ్చే వాసనలో చేపది ఎంత, మసాలాది ఎంత అని విచారిస్తే మసాలా వాటాయే ఎక్కువ అని తేలుతుంది. కాగిన వేరుశనగ నూనెలో మిరపపొడి, సోంపు, వెల్లుల్లి, కరివేపాకు పడినప్పుడు వీధి చివరి వరకు పోయే ఘుమఘుమ అది. సముద్రపు చేపకు ఉండే నీచు వాసన వేరు, చెరువు చేపలోని బురద వాసన వేరు. ఈ రెంటినీ పోగొట్టడానికే కదా మనవాళ్ళు పసుపు, ఉప్పు, చింతపండు పట్టించి కడుగుతారు! పోగొట్టదలచిన దానిని శ్రమపడి తిరిగి తెచ్చుకోవలసిన పని లేదు. ఎవరికైనా సముద్రపు వాసనే కావాలనిపిస్తే నోరి అనే ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు పెద్ద నగరాల సూపర్ మార్కెట్లలో దొరుకుతుంది. దానిని పొడి చేసి మసాలాలో అర చెంచా కలిపితే చాలు. రామనాథపురం తీరంలోని మండపం ప్రాంతంలో సముద్రపు నాచు సాగవుతున్నది గాని, అది ఎక్కువగా పరిశ్రమలకు పోతుంది. ఫలూదాలో వేసే 'కడల్ పాసి' కూడా నాచు నుండి తీసినదే అయినా, శుద్ధి చేయడంలో దాని వాసన పూర్తిగా పోతుంది. దానిని కొని తెచ్చి చేప వాసన రాలేదని చింతించి ప్రయోజనం లేదు.

అరటికాయ వేపుడు

అన్నింటిలోకి సులభమైనది ఇది. కూర అరటిలో బొంత రకం దీనికి తగినది. తమిళులు మొంతన్ అనేది ఆ జాతికి చెందినదే. కాయ లావుగా, పలకలుగా, ముదురు ఆకుపచ్చగా ఉండాలి. పండబారిన కాయలో పిండిపదార్థం చక్కెరగా మారి ఉంటుంది. అటువంటి ముక్క పెనం మీద త్వరగా నల్లబడుతుంది, తియ్యగానూ ఉంటుంది. చిప్సు చేసే నేంద్రం కాయ దీనికి అంతగా నప్పదు.

మూడు కాయలకు కావలసిన మసాలా: మిరపపొడి రెండు చెంచాలు, ధనియాల పొడి ఒక చెంచా, సోంపు పొడి ఒక చెంచా, మిరియాల పొడి అర చెంచా, పసుపు అర చెంచా, అల్లం వెల్లుల్లి ముద్ద రెండు చెంచాలు, చిక్కని చింతపండు గుజ్జు మూడు చెంచాలు, బియ్యప్పిండి నాలుగు చెంచాలు, శనగపిండి రెండు చెంచాలు, తగినంత ఉప్పు. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా. శనివారం వెల్లుల్లి తినని ఇళ్ళలో దానిని మాని అల్లం కొంచెం పెంచి, చిటికెడు ఇంగువ చేర్చుకుంటారు. అంగడిలో దొరికే కూట్టు ఇంగువలో సాధారణంగా గోధుమపిండిగాని మైదాగాని కలిసి ఉంటుంది. గోధుమ పడనివారు డబ్బాపై చదివి కొనడం మేలు.

చేతికి నూనె రాసుకొని కాయ రెండు కొనలు కోసివేయాలి. లేనిచో జిగురు అంటుకొని వదలదు. తోలు మొత్తం తీసివేయనవసరం లేదు. పైపైన చెక్కి, ముక్కకు ఒక అంచున సన్నని ఆకుపచ్చ చార మిగిలేలా చూస్తే వేగిన తరువాత అది చేప తోలు వలెనే కనబడుతుంది, తినడానికీ ఇబ్బంది ఉండదు. కాయను గుండ్రంగా కాక ఏటవాలుగా, పొడవుగా, చిటికెనవేలి మందాన కోయాలి. కోసిన వెంటనే చింతపండు కలిపిన నీటిలో వేయాలి. గాలి తగిలితే అరటికాయలోని ఎంజైములు ముక్కను నల్లబరుస్తాయి. పులుపు ఆ చర్యను అడ్డుకుంటుంది. చాలామంది దీనికి మజ్జిగ వాడతారు. వీగన్ ఆహారం పాటించే వారికి మజ్జిగ పనికిరాదు. చింతపండు, నిమ్మరసం అదే పనిని అంతే చక్కగా చేస్తాయి.

తరువాతి మెట్టులోనే ఎక్కువమంది పొరబడతారు. పచ్చి ముక్కకు మసాలా పట్టించి నేరుగా పెనం మీద వేస్తే లోపల ఉడికేలోగా పైన మసాలా మాడిపోతుంది. కనుక ఉప్పు, పసుపు వేసి మరిగించిన నీటిలో ముక్కలను అయిదారు నిమిషాలు ఉంచాలి. కత్తి మొన గుచ్చితే దిగాలి, అయినా కొద్దిగా పట్టు తెలియాలి. అంతకు మించి ఉడికితే పిండి అయిపోయి తిరగవేసేటప్పుడు విరుగుతాయి. నీరు వంచి, ముక్కలను గుడ్డ మీద పరచి పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉన్న ముక్కకు మసాలా అంటదు. అంటినా నూనెలో విడిపోతుంది. చల్లారేకొద్దీ ఉడికిన పిండిపదార్థం కొంత గట్టిపడి ముక్కకు బిగువు కూడా వస్తుంది.

మసాలాను నీరు దాదాపు చేర్చకుండా చింతపండు గుజ్జుతోనే ముద్దగా కలిపి రెండు వైపులా పట్టించి అరగంట ఉంచాలి. హోటళ్ళలో చేప వేపుడుకు మసాలా ఊడిపోకుండా గుడ్డు కలపడం కద్దు. ఇక్కడ బియ్యప్పిండి, శనగపిండి ఆ పని చేస్తాయి. కరకరలాడాలంటే వేయించబోయే ముందు పొడి బియ్యప్పిండిలోగాని బొంబాయి రవ్వలోగాని ఒకసారి అద్దాలి. అంగడి రొట్టెపొడిలో పాలపొడి కలిసి ఉండవచ్చు.

వేపడానికి దోసెల ఇనుప పెనం ఉత్తమం. అది వేడిని నిలుపుకొంటుంది, అంచులు సమంగా వేగుతాయి. చిత్తూరు, ఆర్కాటు సీమలు వేరుశనగ పండే నేలలు. ఇక్కడి చేప వేపుడు రుచిలో ఆ నూనె పాత్ర తక్కువ కాదు. చిటికెడు మసాలా వేస్తే వెంటనే పైకి తేలి బుడగలు రావాలి, పొగ మాత్రం రాకూడదు. నాలుగైదు ముక్కలు మాత్రమే వేసి మధ్యరకం మంట మీద ఒక్కొక్క ప్రక్క మూడు నాలుగు నిమిషాలు కదపకుండా ఉంచాలి. అడుగు గట్టిపడిన తరువాతే తిరగవేయాలి. చివర గుప్పెడు కరివేపాకు అదే నూనెలో వేయించి పైన చల్లి, ఉల్లి చక్రాలు, నిమ్మ చెక్కతో వడ్డిస్తే చూసినవారు ఒక క్షణం సందేహించక మానరు.

కందగడ్డతోనూ ఇదే పద్ధతిలో చేస్తారు. దాని బిగువు అరటికాయ కంటే చేపకు దగ్గర అని చెప్పేవారు ఉన్నారు. కాకపోతే దానిలోని ఆక్సలేటు సూదులు గొంతును గీరుతాయి కనుక చింతపండు నీటిలో బాగా ఉడికించడం తప్పనిసరి.

అలసంద చేప

పైన చెప్పిన వేపుడులో ఒక పెద్ద లోపమున్నది. నూరు గ్రాముల చేపలో సుమారు 17 నుండి 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అంతే తూకం అరటికాయలో దాదాపు ఒక గ్రాము మాత్రమే. కంచంలో చేప స్థానంలో అరటికాయ పెడితే రూపం నిలుస్తుంది, సత్తువ నిలవదు. వ్రతం పట్టిన పెద్దలకు నెల రోజుల లోటు పెద్దది కాకపోవచ్చు. ఎదిగే పిల్లలు, గర్భిణులు, బాలింతలు ఉన్న ఇంట్లో, అందునా వారానికి రెండుసార్లు చేపే ముఖ్యమైన పోషకాహారమైన ఇంట్లో, దీనిని తేలికగా తీసుకోరాదు. ఎండు అలసందలలో నూరు గ్రాములకు 23 గ్రాముల వరకు మాంసకృత్తులు ఉంటాయి. అందుచేత అసలైన ప్రత్యామ్నాయమని పేర్కొనవలసి వస్తే అది అలసంద చేపే.

ఒక గ్లాసు అలసందలను (తమిళంలో కారామణి, తెలంగాణంలో బొబ్బర్లు) అయిదారు గంటలు నానబెట్టాలి. నీరు పూర్తిగా వంచి నాలుగు ఎండుమిరపకాయలు, చెంచాడు సోంపు, అంగుళం అల్లం, పసుపు, ఉప్పుతో గారెల పిండి కంటే గట్టిగా, కొంచెం బరకగా రుబ్బాలి. నీరు ఎక్కువైతే ముక్క నిలవదు. మరీ మెత్తగా రుబ్బితే ముక్క రబ్బరు వలె సాగుతుంది. ఆ బరకదనమే కొరికినప్పుడు చేప కండను తలపింపజేసేది.

అరటి ఆకును మంట మీద వాడ్చి, పిండిని దానిపై చేప మధ్యభాగమంత లావున, జానెడు పొడవున పేర్చి, ఒక ప్రక్క కొంచెం సన్నగా అదిమి చుట్టాలి. ఇడ్లీ పాత్రలో ఇరవై నిమిషాలు ఆవిరి మీద ఉడికించాలి. గుడ్డు సొన వేడికి గడ్డకట్టినట్లే గింజలోని మాంసకృత్తులు ఆవిరికి గట్టిపడి పిండిని ఒక్క ముద్దగా పట్టి ఉంచుతాయి. పూర్తిగా చల్లారిన తరువాతే ఆకు విప్పి అడ్డంగా ముక్కలు కోయాలి. వేడిగా ఉండగా కోసేవారి చేతిలో మిగిలేది పొడే. నోరి రేకు దొరికినవారు ఆకులో పిండి పేర్చే ముందు అడుగున ఒక రేకు పరిస్తే అది ముక్కకు నల్లని తోలుగా అతుక్కుంటుంది. జపాను బౌద్ధ మఠాల వంటలో సోయా జున్నుకు అదే రేకు అంటించి పాముచేపను పోలిన పదార్థం చేసే సంప్రదాయం ఉన్నది. మాంసం విడిచినవారు దాని రూపాన్ని శాకంలో చూసుకోవడం ఏ ఒక్క దేశపు చాపల్యమూ కాదన్నమాట.

ఈ ముక్కలకు అరటికాయకు చెప్పిన మసాలానే పలుచగా పట్టించి పెనం మీద కాల్చాలి. లోపల ఇదివరకే ఉడికినది కనుక ఒక్కొక్క ప్రక్క రెండు నిమిషాలు చాలును. నూనె కూడా అరటికాయ కంటే తక్కువ పీలుస్తుంది.

అరటిపువ్వు, లండను కథ

మనవారు వడలకు, పప్పుకూరకు వాడే అరటిపువ్వు పశ్చిమ దేశాలలో వీగన్ చేపగా పేరు పొందడం ఒక విచిత్రం. లండనులోని హాక్నీలో 'సటన్ అండ్ సన్స్' అనే చేపల వేపుడు దుకాణంవారు 2018లో పూర్తిగా వీగన్ శాఖను తెరిచి, సముద్రపు నాచుతో ఊరబెట్టిన అరటిపువ్వును పిండిలో ముంచి వేయించి అమ్మారు. అక్కడ అది ఉప్పునీటి డబ్బాలలో దిగుమతి అవుతుంది. మనకు తోటలోనే, గెల దిగిన చెట్టుకే దొరుకుతుంది.

ఎర్రని బయటి డొప్పలు తీసివేస్తే లోపల లేత పసుపు రంగు మొగ్గ మిగులుతుంది. దానిని నిలువునా నాలుగు చీలికలు చేసి, వాటిలో కనబడే చిన్న పూలలో ముదిరిన వాటి నుండి గట్టి కేసరాన్ని, గాజువంటి పొరను తీసివేయాలి. ఓపిక పరీక్షించే పని ఇది ఒక్కటే. చీలికలను చింతపండు, పసుపు, ఉప్పు వేసిన నీటిలో పావుగంట ఉడికించి, అరచేతుల మధ్య గట్టిగా అదిమి నీరు పిండాలి. అప్పుడు వగరు చాలావరకు పోతుంది. బియ్యప్పిండి, మైదా సమభాగాలుగా కలిపిన జారుపిండిలో ముంచి కాగిన నూనెలో వేయించితే పైన కరకర, లోపల పొరలు పొరలుగా విడిపోయే మెత్తదనం వస్తుంది. పొర విషయంలో దీనికి సాటి లేదు. మాంసకృత్తుల విషయంలో ఇదీ అరటికాయకు చుట్టమే.

తెలియవలసిన కొన్ని సంగతులు

చేప పడనివారికి ఇంట్లో వండేటప్పుడు పెనం, నూనె, గరిట మూడింటినీ వేరుగా ఉంచడం అత్యవసరం. నిన్న చేప వేగిన నూనెలో నేడు అరటికాయ వేయిస్తే ఆ కొద్ది శేషమే ప్రమాదం తేగలదు. రోడ్డు ప్రక్క బండ్ల మీద ఒకే మూకుడులో రెండూ వేయించడం సాధారణం. వ్రతం పట్టినవారికీ, వీగనులకూ అది అభ్యంతరకరమే.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పొటాషియం తగ్గించవలసి వస్తుంది. అరటికాయలో అది అధికం. ఉడికించిన నీరు పారబోయడం వల్ల కొంత తగ్గినా, వైద్యుని అడిగిన తరువాతే తినడం క్షేమం. మధుమేహం ఉన్నవారు అన్నంతో పాటు అరటికాయ వేపుడు ఎక్కువగా తింటే అన్నం మీద అన్నం తిన్నట్లే. వారికీ అలసంద ముక్కే మేలైనది.

ఏ మొక్కా ఇవ్వలేనిది విటమిన్ బి12. ఒక్క నెల వ్రతానికి దానిని గురించి కలత చెందనక్కరలేదు, శరీరంలో నిల్వ ఉంటుంది. సంవత్సరాల తరబడి పాలు కూడా లేకుండా ఉండేవారు మాత్రం బి12 మాత్రలనుగాని, అది చేర్చిన ఆహారాన్నిగాని తీసుకోక తప్పదు. నరాల తిమ్మిరి, రక్తహీనత వచ్చిన తరువాత మేల్కొనడం కంటే ముందే జాగ్రత్తపడడం ఉచితం. చేపలోని ఒమేగా-3 కొవ్వుకు బదులుగా అవిసె గింజలను చెబుతారు. వాటిలో ఉన్నది వేరొక రూపం. శరీరం దానిని చేపలోని రూపానికి మార్చుకొనేది స్వల్పమే. అయినా వేయించిన అవిసెల పొడిని అన్నంలోకి వాడుకోవడం మంచి అలవాటే. అయొడిన్ లోటును అయొడిన్ ఉప్పు తీరుస్తుంది.

వ్రతంలో ఉండి చేప పేరుతో, చేప రూపంతో తినడం ఏమి నియమమని ఆక్షేపించే పెద్దలు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. ఆ ఆక్షేపణను పూర్తిగా కొట్టివేయలేము. వంటిళ్ళు దానికి ఒక సర్దుబాటు చేసుకున్నాయి. ఈ వంటకాన్ని శనివారపు తళిగలో చేర్చరు, తక్కిన రోజుల భోజనానికే పరిమితం చేస్తారు. 1867లో వడలూరులో సత్య ధర్మశాలను నెలకొల్పి జీవహింస మానమని బోధించిన రామలింగ స్వామి మార్గాన్ని అనుసరించేవారిలో మాంసం పేరు కూడా పలకని కుటుంబాలు ఉండవచ్చు. అటువంటి ఇళ్ళకు దీనిని అరటికాయ వరువల్ అనే అంటే సరిపోతుంది. ప్రాణి చావకుండా పిల్లవాని కోరిక తీరినప్పుడు పేరు కోసం తగవు అనవసరం.

మిగిలిన ముక్కల విషయం. అలసంద ముక్కలు ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటాయి. వాటిని చింతపండు, సాంబారు ఉల్లిపాయలు, మెంతిపొడితో చేసిన చిక్కని పులుసు దించబోయే ముందు వేసి మూతపెట్టాలి. ముందే వేసి మరిగిస్తే కరిగిపోతాయి. చేపల పులుసు మరునాటికి రుచి హెచ్చుతుందన్న మాట అలసంద ముక్కకూ వర్తిస్తుంది. అరటికాయ ముక్క మాత్రం రాత్రి గడిచేసరికి పులుసు పీల్చి ఉబ్బి విరిగిపోతుంది కనుక దానిని వేయించిన పూటే తినాలి.